సంతకం పెట్టే ముందు: డిప్యూటీ కలెక్టరుగా వెళ్తున్న కూతురికి నాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. శిక్షణ ముగిసి నువ్వు బాధ్యతలు తీసుకోబోతున్నావని తెలిసినప్పటి నుంచి మీ అమ్మ మొక్కులు తీర్చుకునే పనిలోనే ఉంది. మొన్న ఫోనులో నువ్వు అడిగిన ప్రశ్న తేలికగా తేల్చేసేది కాదనిపించి, ఉత్తరం రాస్తానన్నాను. అధికారం మనిషిని చెడగొడుతుందంటారే, చెడిపోకుండా ఉండేదెలా అని అడిగావు.

కలెక్టరేటులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషిని కాబట్టి నేను అధికారాన్ని ఎప్పుడూ ఫైళ్ల వైపు నుంచే చూశాను. పైనున్న ఒక్కరు ఏదైనా చేయాలని తలచినంత మాత్రాన అది జరిగిపోదు. ఆ తలంపును ఎవరో నోట్‌గా రాయాలి, ఎవరో దాన్ని పరిశీలించామనాలి, ఎవరో సంతకం పెట్టాలి, ఇంకెవరో అర్ధరాత్రి వెళ్లి తలుపు తట్టాలి. అందుకే, పైవాడు ఎందుకు చెడ్డాడన్న ప్రశ్న కంటే, అన్ని చేతులూ అంత సులువుగా ఎలా కదిలాయన్న ప్రశ్న నన్ను ఎక్కువగా వేధించింది. దీనికి నాకు దొరికిన పెద్ద ఉదాహరణ 1975 నాటి ఎమర్జెన్సీ. పరీక్షల కోసం నువ్వు దాని తేదీలన్నీ చదివే ఉంటావు; నేను చెప్పదలచుకున్నది అందులోని మనుషుల గురించి, ముఖ్యంగా మన తెలుగువారైన ఇద్దరి గురించి.

మొదటివారు నీలం సంజీవరెడ్డిగారు. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా కర్నూలు జిల్లాలో బస్సు రూట్ల జాతీయకరణ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. రాజకీయంగా తనకు గిట్టనివారి బస్సులను దెబ్బతీయడానికే ఆ జిల్లా పశ్చిమ ప్రాంతాన్ని ముందుగా ఎంచుకున్నారని ప్రైవేటు యజమానులు ఆరోపించారు. ఆ ఆరోపణను ఖండిస్తూ ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేయలేదన్న సంగతిని కోర్టు ఎత్తిచూపింది. ఆయన పదవి వదలాలని తీర్పు అనలేదు, ఆయన మీద శిక్ష ఏదీ లేదు. అయినా 1964లో ఆ వ్యాఖ్యల కారణంగానే ఆయన రాజీనామా చేశారు. ఆ కుర్చీలోకి వచ్చినవారు కాసు బ్రహ్మానందరెడ్డిగారు. నేను చెప్పబోయే రెండో మనిషి ఆయనే.

పదకొండేళ్ల తరువాత మరో తీర్పు వచ్చింది. 1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా, రాయ్‌బరేలీ నుంచి 1971లో ఇందిరాగాంధీ గెలిచిన ఎన్నిక చెల్లదన్నారు. ప్రభుత్వోద్యోగిగా ఉన్న యశ్‌పాల్ కపూర్ సేవలను ఎన్నికకు వాడుకున్నారన్నది ఒక కారణం. సభావేదికలు కట్టించడానికి, మైకులకు కరెంటు ఇప్పించడానికి ఉత్తరప్రదేశ్ అధికారుల సాయం పొందారన్నది ఇంకొకటి. ఆ రెండో కారణాన్ని నువ్వు శ్రద్ధగా చదవాలి. వేదిక వేయించిన ఆ అధికారులకు అది రోజువారీ పనిలా, పెద్దవారికి చేసే చిన్న మర్యాదలా అనిపించి ఉంటుంది. నీకు కూడా మొదట ఎదురయ్యేవి అలాంటి చిన్న పనులే.

జూన్ 24న సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పుపై షరతులతో స్టే ఇచ్చారు. ఆమె ప్రధానిగా కొనసాగవచ్చు, సభకు వెళ్లవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. మరునాటి రాత్రి ఏం జరిగిందో తరువాత ఎమర్జెన్సీ అకృత్యాలపై విచారణ జరిపిన షా కమిషన్ ముందు బ్రహ్మానందరెడ్డిగారే చెప్పారు. అప్పుడాయన కేంద్ర హోంమంత్రి. దేశంలో శాంతిభద్రతలు ఆయన శాఖ. అయినా ఆయనను ప్రధాని ఇంటికి పిలిచింది రాత్రి పదిన్నర ప్రాంతంలో, అంతా నిర్ణయమయ్యాక. ఆంతరంగిక అత్యవసర పరిస్థితి విధించవలసి వస్తోందని ఆమె చెప్పినప్పుడు, 1971 యుద్ధకాలంలో ప్రకటించిన ఎమర్జెన్సీ ఇంకా అమలులోనే ఉంది కదా, దాని కింద ఉన్న అధికారాలు సరిపోతాయి కదా అని ఆయన అన్నారు. అది సరైన మాట, న్యాయశాస్త్రం చదివినవాడు అడగవలసిన మాట. అవన్నీ పరిశీలించాం, ఇది తప్పదని ఆమె బదులిచ్చారు. అప్పుడు ఆయన, మీకు ఏది మంచిదనిపిస్తే అది చేయండని చెప్పి, రాష్ట్రపతికి పంపే లేఖ మీద సంతకం పెట్టారు.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా నేను అక్కడే ఆగిపోతాను. ఆయన తెలివితక్కువవాడు కాదు, పిరికివాడని కూడా అనలేను. ఏడేళ్లకు పైగా రాష్ట్రాన్ని ఏలినవాడు, 1969 తెలంగాణ ఉద్యమపు వేడిని తట్టుకున్నవాడు. తప్పు ఎక్కడుందో ఆయనకు కనిపించింది, నోరు తెరిచి ఒకసారి చెప్పారు కూడా. రెండోసారి చెప్పలేకపోయారు. అమ్మడూ, నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన మంచి అధికారుల్లో చాలామంది తప్పిపోయిన చోటు ఇదే. అభ్యంతరం ఒకసారి చెప్పేశాం గనుక మన బాధ్యత తీరిందనుకుంటాం. ఆ తరువాత పెట్టే సంతకం మనది కానట్టు, పైవారిదే అయినట్టు మనసు సర్దిచెప్పుకుంటుంది. "మీ ఇష్టం" అన్న మాట వినయంగా వినిపిస్తుంది గాని, అవతలివారికి అది పూర్తి అనుమతి.

రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఆ రాత్రే సంతకం పెట్టారు. ఢిల్లీలోని పత్రికా కార్యాలయాలకు కరెంటు తీసేశారు, తెల్లవారేలోపు ప్రతిపక్ష నాయకుల అరెస్టులు మొదలయ్యాయి. మంత్రివర్గం సమావేశమైంది మరునాడు ఉదయం ఆరు గంటలకు, అప్పటికే జారీ అయిన ప్రకటనను ఆమోదించడానికి. అక్కడ ప్రశ్న అడిగినది స్వరణ్‌సింగ్ ఒక్కరే. ఆ ఏడాది ముగిసేలోపే ఆయన మంత్రి పదవి పోయింది. అయితే మరుసటి ఏడాది, 42వ రాజ్యాంగ సవరణకు దారితీసిన సిఫారసులు చేసిన కమిటీకి అధ్యక్షత వహించినదీ ఆయనే. మనుషులను వీరులు, ద్రోహులు అని రెండు వరుసల్లో నిలబెట్టడం అందుకే నాకు చేతకాదు.

దేశమంతటా విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద, భారత రక్షణ నియమాల కింద లక్షకు పైగా మనుషులను నిర్బంధించారు. ఆ నిర్బంధపు ఉత్తర్వులపై కింది స్థాయిలో ఉన్నవి జిల్లా మేజిస్ట్రేట్లవీ, అదనపు మేజిస్ట్రేట్లవీ సంతకాలు. అంటే రేపు నువ్వు ఎక్కబోయే నిచ్చెన మీదివారే. మన రాష్ట్రంలో, జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రిగా ఉన్న ఆ రోజుల్లోనే, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో విద్యార్థులను కాల్చి చంపి ఎన్‌కౌంటరన్నారు; 1975 డిసెంబరు 1న నక్సలైటు రైతు కార్యకర్తలైన భూమయ్యను, కిష్టాగౌడును ఉరితీశారు. పేపర్ల మీద సెన్సారు ఉన్నందున వీటి గురించి గట్టిగా అడిగే వీలు కూడా లేకపోయింది.

న్యాయస్థానంలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. నిర్బంధంలో ఉన్నవారు తమ అరెస్టును ప్రశ్నించవచ్చని తొమ్మిది హైకోర్టులు అన్నాయి. ఆ విషయం సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా, ఒక పోలీసు అధికారి సొంత కక్షతో ఎవరినైనా చంపితే బాధితులకు దిక్కేమిటని అటార్నీ జనరల్ నిరేన్ డేని అడిగారు. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం దిక్కు లేదన్నదే జవాబు. 1976 ఏప్రిల్ 28న అయిదుగురిలో నలుగురు ఆ వాదనకే ఒప్పుకున్నారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. 1977 జనవరిలో ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవిని ఆయన కంటే జూనియరైన జస్టిస్ బేగ్‌కు ఇచ్చారు. ఖన్నా రాజీనామా చేశారు. నలభై ఏళ్లు గడిచాక, 2017లో, సుప్రీంకోర్టు ఆ పాత తీర్పు తప్పని ప్రకటించింది. ఆ మాట రాసినవారిలో జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ఉన్నారు; 1976లో అటువైపు నిలిచిన నలుగురిలో ఒకరు ఆయన తండ్రి. తండ్రిగా నేను ఈ వాక్యాన్ని రాస్తూ కాసేపు కలం ఆపాను. పిల్లలు మనల్ని సరిదిద్దవలసి రావడంలో అవమానం ఏమీ లేదు.

ఇక ప్రజల సంగతి. 1977 మార్చి ఎన్నికల్లో ఉత్తర భారతం కాంగ్రెస్‌ను తుడిచిపెట్టింది, రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీయే ఓడిపోయారు. మన ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 స్థానాల్లో 41 ఆమె పార్టీకే ఇచ్చింది. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల, గెలిచింది సంజీవరెడ్డిగారు. బలవంతపు కుటుంబ నియంత్రణ ఉత్తరాదిలో చేసినంత గాయం ఇక్కడ చేయలేదు. భూముల పంపకం, ఇళ్ల స్థలాలు అందుకున్న పేదలకు ఆమె మీద నిజమైన అభిమానం ఉండేది. దాన్ని నేను తీసిపారేయను. తన గుమ్మం దాకా రాని అన్యాయాన్ని మనిషి అన్యాయంగా లెక్కించడం చాలా కష్టం, అందులో మన ప్రాంతం వేరు కాదు. ఎన్నికలు పెట్టమని ఎవరూ బలవంతం చేయకపోయినా ఆమె పెట్టారు, ఓడిపోయాక దిగిపోయారు. ఆ రెండూ కూడా చరిత్రే, వాటిని నువ్వు మరచిపోకూడదు.

తరువాతి కథ ఇంకా విచిత్రం. ఆ రాత్రి "మీకు ఏది మంచిదనిపిస్తే అది" అన్న బ్రహ్మానందరెడ్డిగారు 1977లో కాంగ్రెస్ అధ్యక్షులై, 1978 జనవరిలో ఇందిరాగాంధీని పార్టీ నుంచి బహిష్కరించారు. అధికారం ఉన్నప్పుడు రాని ధైర్యం అధికారం పోయిన మనిషి ఎదుట వచ్చింది. నెల తిరగగానే మన రాష్ట్ర అసెంబ్లీ ఎన్నికల్లో 294 స్థానాలకు 175 ఇందిర పక్షానికి వచ్చాయి. 1980లో ఆమె రాయ్‌బరేలీలోనూ మన మెదక్‌లోనూ గెలిచి మెదక్‌నే ఉంచుకున్నారు. ఆమె చేత ప్రధానిగా ప్రమాణం చేయించిన రాష్ట్రపతి సంజీవరెడ్డిగారు. 1969లో ఆయన రాష్ట్రపతి అభ్యర్థిగా నిలబడినప్పుడు అంతరాత్మ ప్రబోధం పేరిట ఓట్లు మళ్లించి ఓడించింది ఆమే! ఆయన కూడా మచ్చలేని మనిషని అనను. 1979లో జనతా పార్టీ నేత జగ్జీవన్‌రామ్‌కు ప్రభుత్వం ఏర్పాటు చేసే అవకాశం ఇవ్వకుండా లోక్‌సభను రద్దు చేయడం మీద వచ్చిన విమర్శ న్యాయమైనదేనని నా అభిప్రాయం. ఒకప్పుడు సరిగా నడుచుకున్నవాడు మరోసారి కూడా అలాగే నడుచుకుంటాడని హామీ లేదు.

ఆ హామీ లేదు కనుకనే 1978లో 44వ సవరణ చేసినవారు మనుషుల మంచితనం మీద భారం వేయలేదు. "ఆంతరంగిక కల్లోలం" అన్న కారణాన్ని తీసేసి "సాయుధ తిరుగుబాటు" అని మార్చారు. మంత్రిమండలి నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేస్తే తప్ప రాష్ట్రపతి ప్రకటన జారీ చేయకూడదన్నారు. ప్రాణ రక్షణకు, వ్యక్తిగత స్వేచ్ఛకు సంబంధించిన 21వ అధికరణాన్ని ఎమర్జెన్సీలో కూడా నిలిపివేయడానికి వీల్లేకుండా చేశారు. ఆ రాత్రి ఏ తలుపు తెరిచి ఉందో చూసి, ఆ తలుపుకే గడియ పెట్టారు. "రాతపూర్వకంగా" అన్న నిబంధన మీద నాకు మహా గౌరవం. నోటితో చెప్పేటప్పుడు జంకని మనిషి, కాగితం మీద పెట్టేటప్పుడు రెండుసార్లు ఆలోచిస్తాడు.

నీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు కూడా దాని చుట్టూనే ఉంది. నీకు మౌఖిక ఆదేశాలు వస్తాయి. పేషీ నుంచి ఫోను వస్తుంది, పెద్దాయన చెప్పమన్నారంటారు, ఫైలు తరువాత చూసుకుందామంటారు. మర్యాద తప్పకుండా కాగితం అడుగు. ఇవ్వకపోతే, ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఫలానా వారు ఇలా ఆదేశించారని నోట్‌ఫైలులో నువ్వే రాసి పైకి పంపు. నిబంధనకు విరుద్ధమైతే ఆ నిబంధన సంఖ్య వేసి నీ అభిప్రాయం రాయి. పరిశీలించామని తిప్పి పంపితే, ఏం పరిశీలించారో చూపమని మళ్లీ రాయి. ఆ రెండోసారి రాయడమే కష్టం, ధైర్యమంతా దానికోసం దాచుకో. నీ కింద పనిచేసే తహశీల్దారు, గుమాస్తా నీకు అలాంటి నోట్ పెట్టినప్పుడు విసుక్కోకు, వాళ్లకు కూడా అది కష్టమే.

బదిలీలు వస్తాయి, ప్రాధాన్యం లేని పోస్టులు వస్తాయి. మాకు ఫలానా ఊరే కావాలని గాని, కూతురి హోదా చూసి నలుగురూ పలకరించాలని గాని లేదు. నీకు ఎక్కడ వేస్తే అక్కడికి మేమే వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్తామని మీ అమ్మ ప్రత్యేకంగా రాయమంది.

ఆశీస్సులతో,
నాన్న