కొత్త మోడల్ కోసం ఆగాలా? చార్జింగ్ పాయింట్‌కు అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు మా మాట

అనంతపురంలో ఇంటి దగ్గర కారు చార్జింగ్ పాయింట్ పెట్టించుకోవడానికి మా షాపులో అడ్వాన్స్ ఇచ్చినవాళ్లలో చాలామంది ఇప్పుడు "కొత్త మోడల్ వస్తోందంట, కారు తర్వాత తీసుకుంటాం, పని ఆపండి" అంటున్నారు. అందరికీ ఒకేసారి జవాబు చెబుతున్నాం. అడ్వాన్స్ వెనక్కి కావాలంటే పైసా కోత లేకుండా ఇచ్చేస్తాం. మాకు వైరింగు పనిలో లాభం ఉంది కాబట్టి, అది మనసులో పెట్టుకునే కింది లెక్క చదవండి.

ఇప్పుడు పెట్రోలు కారులో నెలకు 1,000 కిలోమీటర్లు తిరుగుతున్నారనుకుందాం. లీటరుకు 15 వస్తే 67 లీటర్లు, 109 రూపాయల చొప్పున దాదాపు 7,300. అదే దూరానికి కరెంటు కారుకు, చార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి, 175 యూనిట్లు కావాలి. ఇంట్లో ఇప్పటికే 200 యూనిట్లు కాలుతుంటే, కారు తాగే ఆ 175లో 25 యూనిట్లు 6 రూపాయల శ్లాబులో, మిగతా 150 యూనిట్లు 8.75 రూపాయల శ్లాబులో పడతాయి. 1,460 అయింది. అంటే ఆగిన ప్రతి నెలా 5,800 దాకా పెట్రోలు బంకుకు కడుతున్నట్టే; ఆరు నెలలకు 35,000. నెలకు 300 కిలోమీటర్లే తిరిగేవాళ్లకు ఆ తేడా 1,800 కూడా దాటదు. వాళ్లు నిశ్చింతగా ఆగొచ్చు.

కొత్తది వస్తుందన్న మాట ఎప్పుడూ నిజమే. టాటా నెక్సాన్ ఈవీ 2020లో 30.2 యూనిట్ల (కంపెనీలు kWh అని రాసేది ఇదే) బ్యాటరీతో వచ్చింది, 2022లో 40.5 అయింది, 2024లో 45. ఎంజీ కంపెనీ విండ్సర్ 2024 సెప్టెంబరులో 38 యూనిట్లతో వస్తే, 2025 మేలోనే 52.9 యూనిట్లది వచ్చేసింది. అందుకే మోడల్‌ను కాదు, మీరు తిరిగే దూరాన్ని చూసి తేల్చుకోండి. తాడిపత్రి, ధర్మవరం, గుత్తి పోయి రావడానికి 35 యూనిట్ల బ్యాటరీ చాలు. బెంగళూరు వేరే సంగతి. 215 కిలోమీటర్ల దారిలో ఏసీ వేసుకుని వందలో పోతే యూనిట్‌కు 6 కిలోమీటర్లు వస్తాయి, అంటే 36 యూనిట్లు. పైగా బెంగళూరు మనకంటే 550 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, ఆ ఎక్కుడుకు ఇంకో రెండు మూడు యూనిట్లు పోతాయి. వచ్చేటప్పుడు దిగుడు కాబట్టి కలిసొస్తుంది. 38 యూనిట్ల కారులో దారిలో ఆగక తప్పదు; 45లో చేరతారు, చివర్లో మిగిలేది తక్కువే. వారం వారం బెంగళూరు పోయేవాళ్లు చిన్న బ్యాటరీతో సర్దుకోవద్దు. పెద్దది ఇప్పుడే తీసుకోండి, బడ్జెట్ అందకపోతే ఆగండి. కంపెనీ చెప్పే రేంజిలో (ఒక్క చార్జికి నడిచే దూరంలో) 65 నుంచి 70 శాతమే మన హైవే మీద లెక్కలోకి తీసుకోవాలి.

పాత స్టాకు మీద తగ్గింపు ఇస్తామంటే కారు తయారైన నెల ప్లేటు మీద చూడండి. నెలల తరబడి యార్డులో నిలబడ్డ కారులో ముందు దెబ్బతినేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. డెలివరీకి ముందు దాన్ని పరీక్షించమని అడగండి.

ఇక మా పని సంగతి. కారు కోసం ఆగినా వైరింగు ఆపక్కర్లేదని మా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ అమ్ముడయ్యే కార్లకు ఇంటి చార్జింగ్ గన్ టైప్ 2 అనే ఒకే రకం, రేపు ఏ కారు తీసుకున్నా పాయింట్ పనికొస్తుంది. రోజుకు 60 కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లకు 7.2 కిలోవాట్ల చార్జరు అవసరమే లేదు. 16 యాంపుల సాకెట్ మీద రాత్రి నాలుగైదు గంటల్లో ఆ లోటు నిండుతుంది. కాకపోతే గీజరు కోసం వేసిన 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద పెట్టొద్దు. గీజరు అరగంట పనిచేసి ఆగుతుంది, కారు గంటల తరబడి ఒకే బిగిన లాగుతుంది. సాకెట్ పిన్నుల దగ్గర వేడెక్కి కరిగేది అందుకే. మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 యాంపుల ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి), 30 మిల్లీయాంపుల టైప్ ఏ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) వేస్తాం. 7.2 కిలోవాట్లయితే 32 యాంపులు లాగుతుంది, 6 చదరపు మిల్లీమీటర్ల వైరు, 40 యాంపుల ఎంసీబీ కావాలి, మన కరెంటు కంపెనీ ఎస్‌పీడీసీఎల్‌లో లోడు పెంచమని ముందే దరఖాస్తు పెట్టాలి. మహీంద్రా బీఈ 6 లాంటి పెద్ద కారు కోసం ఆగుతున్నవాళ్లు ఇప్పుడే 32 మిల్లీమీటర్ల పైపు వేయించుకోండి. రేపు 11.2 కిలోవాట్ల చార్జరుకు త్రీ ఫేజ్ కేబుల్ లాగడానికి గోడ పగలగొట్టే పని ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఎర్తింగు. మనది గరుసు నేల, కింద బండ. వానాకాలంలో 5 ఓమ్‌ల లోపు నిరోధం (ఇది ఎంత తక్కువుంటే అంత మంచిది) చూపించే ఎర్త్ గుంత, ఏప్రిల్ వచ్చేసరికి ఎండిపోయి చాలా ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు చార్జరు ఎర్ర లైటు వేసి ఆగిపోతుంది, చార్జరు పాడైందనుకుని సర్వీసు సెంటరుకు పరిగెత్తుతారు. ముందు గుంతలో నీళ్లు పోసి చూడండి. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు బకెట్ నీళ్లు పోస్తే చాలావరకు సరిపోతుంది; కొత్తగా వేయిస్తే కెమికల్ ఎర్తింగు (తేమ పట్టి ఉంచే పొడి నింపినది) మేలు. ఎవరైనా న్యూట్రల్‌ను (కరెంటు తిరిగి పోయే వైరును) ఎర్త్ పిన్నుకు కలిపి "పనైపోయింది" అంటే ఒప్పుకోకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే కారు బాడీకే కరెంటు వస్తుంది.

ఆగుదామన్నా, పని కానిద్దామన్నా మెయిన్ బోర్డు ఫోటో, పోయిన నెల కరెంటు బిల్లు, మీటరు నుంచి కారు నిలిపే చోటికి ఎన్ని అడుగులో రాసి పంపండి. రాగి రేటు మారుతుంటుంది కాబట్టి మేం ఇచ్చే కొటేషన్ 15 రోజులే చెల్లుతుంది. వైరు ఇప్పుడే కొని పెట్టమంటే మీ పేరు మీద బిల్లు వేసి పక్కన పెడతాం.