వైకల్య భృతుల సహాయ బృందం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

ఉగాది సంబరాలు, పిల్లల తెలుగు బడి, ఆటల పోటీల కబుర్లు ఫొటోలతో సహా అందరికీ ఇదివరకే చేరాయి. వాటిని మళ్లీ ఏకరువు పెట్టడం లేదు. ఈసారి చోటంతా ఒక్క విషయానికే ఇస్తున్నాం: ఎస్ఎస్‌డీఐ, ఎస్ఎస్ఐ రెండూ మంజూరైనా పాత బకాయి అనుకున్నంత ఎందుకు రాదు? ఈ రెండూ అమెరికా ప్రభుత్వమిచ్చే భృతులు: ఎస్ఎస్‌డీఐ ఉద్యోగం చేసి సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టినవారికి వైకల్యం వస్తే, ఎస్ఎస్ఐ ఆదాయం, ఆస్తి బాగా తక్కువ ఉన్నవారికి. మంజూరు కాకముందు నెలలకు రావాల్సిన డబ్బే పాత బకాయి.

సంక్రాంతి భోజనాల దగ్గర అరవైకి చేరువవుతున్న సభ్యుడొకరు పులిహోర పళ్లెం పక్కకు జరిపి ఈ భృతుల గురించి వచ్చిన మూడు కవర్లు బల్ల మీద పరిచారు. మూడింటిలో మూడు వేర్వేరు మొత్తాలు. "రెండూ ఇస్తామన్నారు కదమ్మా, మిగతా డబ్బు ఎటు పోయింది?" అని అడిగారు. ఆయన అంకెలు ఇక్కడ రాయడం మర్యాద కాదు. అదే తీరులో ఒక లెక్క వేసి చూపిస్తాం.

2024 జనవరి మధ్యలో పని చేయలేని స్థితి వచ్చింది, ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టారు, డిసెంబరు చివర్లో రెండూ మంజూరయ్యాయి అనుకుందాం. ఎస్ఎస్ఐ దరఖాస్తు పెట్టిన మరుసటి నెల నుంచే లెక్కకు వస్తుంది, అంటే మార్చి. ఎస్ఎస్‌డీఐకి ఐదు పూర్తి నెలలు ఆగాలి కాబట్టి అది జూలైలో మొదలవుతుంది; జూలై డబ్బు చేతికందేది ఆగస్టులో. అది నెలకు 800 డాలర్లనుకుందాం. 2024లో ఎస్ఎస్ఐ ఫెడరల్ గరిష్ఠం 943. మార్చి నుంచి జూలై దాకా ఐదు నెలలకు అది పూర్తిగా వస్తుంది: 4,715. ఆగస్టు నుంచి ఎస్ఎస్‌డీఐని ఆదాయంగా చూసి, అందులో 20 డాలర్లు వదిలేసి, మిగతా 780 కోస్తారు. నెలకు 163 మిగులుతుంది. డిసెంబరు దాకా 815. ఎస్ఎస్ఐ బకాయి 5,530, ఎస్ఎస్‌డీఐ బకాయి 4,000, వెరసి 9,530. కోత సంగతి తెలియక పది నెలలకూ 943 చొప్పున వేసుకున్నవారికి 13,430 కనిపిస్తుంది. 3,900 డాలర్లు ఎవరూ మింగలేదు. ఎస్ఎస్‌డీఐ సకాలంలో వచ్చి ఉంటే ఆ నెలల్లో ఎస్ఎస్ఐ అంత ఇచ్చేవారే కాదు, అంతే. లెక్క న్యాయమైనదే, దాన్ని వివరించే ఉత్తరాల భాషే దారుణం.

పైగా ఎస్ఎస్ఐ బకాయి నెలవారీ గరిష్ఠానికి మూడు రెట్లకు చేరితే సాధారణంగా ఒకేసారి ఇవ్వరు. పై లెక్కలో ముందు 2,829, ఆరు నెలలకు 2,701 వస్తాయి. అద్దె, వైద్యం అప్పులుంటే తొలి వాయిదా పెంచమని అడగవచ్చు. చాలామంది అడగరు.

డబ్బు వచ్చాక జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఎస్ఎస్ఐకి ఒంటరి వ్యక్తి ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. బకాయి సొమ్మును తొమ్మిది నెలల పాటు ఈ లెక్కలోకి తీసుకోరు. అయితే ఆ సొమ్ముతో ఊళ్లో స్థలం కొంటే, ఆ స్థలం ఆస్తి కిందికి వస్తుంది. ఈ మాట చెప్పినప్పుడల్లా మా సహాయ శిబిరంలో కాసేపు నిశ్శబ్దం! వరుసగా 30 రోజులు దేశం బయట ఉన్నా ఎస్ఎస్ఐ ఆగుతుంది. పెళ్లిళ్లకు వెళ్లేవారు టికెట్లు కొనేముందే చూసుకోవాలి.

తల్లిదండ్రుల గురించి అడిగినవారికి: భారత్, అమెరికాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం లేదు. విశాఖలో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసినా ఇక్కడి ఎస్ఎస్‌డీఐకి ఆ సర్వీసు కలవదు. గ్రీన్‌కార్డు మీద వచ్చినవారికి ఎస్ఎస్ఐ నిబంధనలు మరింత కఠినం.

నిర్ణయం నచ్చకపోతే ఉత్తరం అందిన 60 రోజుల్లో అప్పీలు చేయాలి. ఉత్తరం మీది తేదీకి ఐదు రోజులు కలిపి, ఆనాటికి అందినట్టే లెక్కిస్తారు. శిబిరానికి వచ్చేవారు అన్ని ఉత్తరాలూ, అన్ని పేజీలూ తీసుకురండి. మొదటి పేజీ ఒక్కటే ఫోనులో ఫొటో తీసి పంపితే, అసలు లెక్క మూడో పేజీలో ఉండిపోతోంది.

— కార్యదర్శి