అమ్మలూ, సూది కంటే ముందు పెన్సిలు తీయి

చి. అమ్మలుకి నాన్న దీవించి వ్రాయునది.

సోమవారం నుంచి పలాస పక్క ఊళ్లలో ఒళ్లు తూలే జబ్బున్న కుటుంబాల దగ్గరికి, జన్యు పరీక్షకి రక్తం తీయడానికి వెళ్తున్నానన్నావు. వంశవృక్షం తప్పుగా గీస్తే ఎంత ఖరీదైన పరీక్షయినా తప్పు జన్యువు వెంట పడుతుంది. వెనిజులాలో మరకైబో సరస్సు ఒడ్డు కుటుంబాల వంశవృక్షాలు ఓపిగ్గా గీశారు. వాటి సాయంతోనే హంటింగ్టన్ అనే, ఒళ్లు అదుపు తప్పి కదిలే నరాల జబ్బు జన్యువు జాడ 1983లో 4వ క్రోమోజోము మీద తేలింది. అసలు జన్యువు దొరికేసరికి 1993 అయింది.

మూడు తరాలకు తగ్గొద్దు. మేనరికమైతే భార్యాభర్తల మధ్య జంట గీత గియ్యి, మేనమామో మేనబావో కూడా రాయి. అమ్మానాన్నలు బాగుండి అక్కాతమ్ముళ్లకే వస్తే, అమ్మ నుంచి, నాన్న నుంచి వచ్చిన జన్యువు ప్రతులు రెండూ చెడితే వచ్చే రకమేమో చూడు. తరం తరం దిగుతుంటే ఒక్క ప్రతి చెడినా వచ్చే రకం.

అసలు చిక్కు పోయినవాళ్లతోనే. "మా తాత తాగీసి తూలీవోడు" అంటారు. తాగుడో జబ్బో తేలాలంటే, పొద్దున్నే వరిగట్టు మీద పక్కకు ఒరగకుండా ఎన్నాళ్లు నడిచాడో అడుగు. ఏ సంవత్సరమంటే చెప్పలేరు, తుఫాను పేరు చెప్తే చెప్తారు. 2014 హుద్‌హుద్‌కి నడిచేవాడా? 2018 తిత్లీ నాటికి జీడితోటకి ఒంటరిగా వెళ్లేవాడా? పాతికేళ్లకే పోయినవాణ్ణి "జబ్బు లేదు" అని రాసెయ్యకు. బయటపడే వయసు రాలేదు, "తెలియదు" అని రాయి.

బతికున్నవాళ్ల కళ్లు చూడు. తల కదపకుండా నీ కుడిచేతి వేలి నుంచి ఎడమచేతి వేలికి చూడమను. చూపు గెంతకుండా పాకుతూ వస్తే ఎస్‌సీఏ2 అనే, వంశంలో వచ్చే తూలుడు జబ్బుని అనుమానించు.

ఎక్సోమ్‌లో, అంటే జన్యువుల్లో ప్రోటీను తయారుచేసే భాగాలు చదివే పరీక్షలో, ఏమీ రాలేదని సంబరపడొద్దు. ఎస్‌సీఏ2లోనూ హంటింగ్టన్‌లోనూ డీఎన్‌ఏలో సీఏజీ అనే మూడక్షరాలే ఉండాల్సినదానికంటే ఎక్కువసార్లు వరసగా వస్తాయి. ఎక్సోమ్ చదివేవి చిన్న చిన్న ముక్కలు, ఈ లెక్క వాటికి అందదు. అవి ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టే రిపీట్ పరీక్ష విడిగా అడగాలి. హంటింగ్టన్ జన్యువులో ఆ లెక్క 26 దాకా మామూలే. 36 నుంచి 39 దాకా ఉంటే జబ్బు రావొచ్చు, రాకపోవచ్చు. 40, ఆ పైనయితే వస్తుందనే లెక్క.

రక్తం ఊదా మూత ఈడీటీఏ ట్యూబులోకి 3 మి.లీ. తీసి, వెంటనే ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చెయ్యి, లేకపోతే గడ్డ కడుతుంది. ఆకుపచ్చ మూతది వద్దు, అందులోని హెపారిన్, డీఎన్‌ఏకి నకళ్లు తీసే పీసీఆర్‌ని పాడు చేస్తుంది. తాత పేరే మనవడికి పెట్టే ఇళ్లు కదా, ట్యూబు మీద పేరొక్కటే చాలదు. వంశవృక్షంలోని నంబరు మనిషి ముందే వెయ్యి. ట్యూబుకి నేరుగా తగలకుండా ఐసుకి గుడ్డ చుట్టు.

పెళ్లి సంబంధాలు చూస్తూ "మా గుంటకి కూడా చూసీయండి" అంటారు. హంటింగ్టన్ లాంటి నయం చేసే మందులేని జబ్బుకి, ఏ లక్షణమూ లేని చిన్నపిల్లకి పరీక్ష చెయ్యొద్దు. పెద్దయ్యాక తనే అడగాలి, అదీ కౌన్సెలింగ్ తర్వాతే. ఒంట్లో రాగి పేరుకునే విల్సన్ జబ్బు వేరు. రాగి కాలేయాన్ని, మెదడుని పాడు చెయ్యకముందే మొదలుపెడితే పెన్సిలమిన్, జింకు అనే మందులు బాగా పనిచేస్తాయి. ఆ ఇంట్లో మాత్రం ఆడుకుంటున్న తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ ఒక్కరినీ వదలకుండా రాసుకుని రా.

ఆశీస్సులతో,
నాన్న