పాపా, ముని రతన్ సంగతి

తిరుపతి

చి.ల.సౌ. పాపకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేనూ అమ్మా క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి అలానే ఉంది, అయినా అలిపిరి మెట్లెక్కి కొండకు పోతానంటుంది. అల్లుడు గారిని అడిగానని చెప్పు.

ఆధార్‌లో నా పేరు మునిరత్నం, ఆర్మీ కాగితాల్లో ముని రతన్. ఆధార్‌లోనూ ముని రతన్ అని మార్చేసుకుంటే పీడ వదిలిపోతుంది కదా అని మొన్న ఫోన్లో అన్నావు. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇలాంటివి ఫోన్లో చెబితే సగం గాలికి పోతాయి. రాసి పెడితే రేపు నీ చేతిలో కాగితం ఉంటుంది, అందుకే ఈ ఉత్తరం.

1981లో ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో చేరాను. ట్రైనింగ్ హైదరాబాద్‌లోనే, గోల్కొండ దగ్గరి ఆర్టిలరీ సెంటర్లో. ఫారాలు నింపిన క్లర్కు ఉత్తరాది మనిషి. టీసీలో ఒకే మాటగా ఉన్న మునిరత్నాన్ని తన నోటికి తిరిగినట్టు రెండు ముక్కలు చేసి ‘ముని రతన్’ అని టైపు కొట్టేశాడు. వాళ్ల వైపు రతన్‌లు వీధికొకరు ఉంటారు. అప్పటినుంచి మా బ్యాటరీలో, అంటే మా ఫిరంగుల జట్టులో, అందరికీ నేను రతన్‌నే. పట్టించుకునే అవసరమూ రాలేదు. రోల్‌కాల్‌లోగానీ, జీతం రోజుగానీ, లీవు సర్టిఫికెట్ మీదగానీ చూసేది ఆర్మీ నంబరే. నంబరు సరిగ్గా ఉంటే మనిషి సరిగ్గా ఉన్నట్టే లెక్క. 1998లో పింఛనుతో ఇంటికొచ్చాను.

డిశ్చార్జి బుక్కు నువ్వు చూశావో లేదో. ఈసారి వచ్చినప్పుడు బీరువాలోంచి తీసి చూడు. నా వివరాలున్న పేజీలో పైన ఇంగ్లీషు టైపులో ముని రతన్. కింద సంతకం చోట నీలి సిరాతో, తెలుగులో, సున్నాతో సహా మునిరత్నం. పక్కన ఎడమ బొటనవేలి ముద్ర, కొంచెం అలుక్కుపోయింది. ఒకే పేజీలో ఇద్దరమూ ఉన్నాం. తెలుగు చదివే గుమాస్తా ఒక్కడు దొరికితే నా కేసు అక్కడికక్కడే తేలిపోవాలి!

బ్యాంకు చేతి మీదుగా పింఛను వచ్చినన్నాళ్లు ఎలాగో నెట్టుకొచ్చాం. ఇద్దరూ ఒకరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి ఫైల్లో పెట్టాం. నేను నేనేనని స్టాంపు పేపరు మీద రాసిస్తుంటే ఆ నోటరీకే నవ్వొచ్చింది. ఇప్పుడు పింఛనంతా స్పర్శ్ అనే రక్షణ శాఖ ఆన్‌లైన్ పద్ధతిలోకి మారిపోయింది, ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల ఆఫీసు నుంచి నేరుగా వస్తోంది. కౌంటర్లో మనిషైతే మొహం గుర్తుపట్టి సర్దుకునేవాడు. కంప్యూటరుకు ఆధార్, పాన్, పీపీఓ అనే పింఛను చెల్లింపు ఉత్తర్వు, ఈ మూడింట్లోనూ పేరు కలవాలి. కలవకపోతే ఏటా లైఫ్ సర్టిఫికెట్ సమయానికి నాకు టెన్షన్.

నా టెన్షన్ సంగతి అలా ఉంచు. అసలు భయం అమ్మ గురించి. నేను పోయాక కార్పొరేషన్‌లో ఇచ్చే డెత్ సర్టిఫికెట్ ఆధార్ చూసి మునిరత్నం పేరుతో ఇస్తారు. పింఛను తీసుకునే ముని రతన్ మాత్రం కాగితాల మీద నిక్షేపంగా బతికే ఉంటాడు. అమ్మ ఆధార్‌లో మునిరత్నం భార్య, పీపీఓలో ముని రతన్ భార్య. ఫ్యామిలీ పెన్షన్ మామూలుగా చివరి జీతంలో 30 శాతం. ఆ 30 శాతం కోసం ఆమె ఎవరి భార్యో ఆ వయసులో ఆఫీసుల చుట్టూ తిరిగి రుజువు చేసుకోవాలి. నేను బతికుండగా అయితే సంతకం పెట్టడానికి నేనున్నాను, వేలిముద్ర సరిపోల్చుకోవడానికి నా చెయ్యి ఉంది. తర్వాత అవేవీ ఉండవు. నువ్వేమో సముద్రాలవతల ఉంటివి.

మరి ఆధార్ మార్చుకుంటే తప్పేంటి అంటావు. మార్చుకున్నామనే అనుకో. నీ పదో తరగతి మెమోలో తండ్రి పేరు మునిరత్నం. నీ పాస్‌పోర్టులో అదే, ఊళ్లో పొలం పాసుపుస్తకంలో అదే, నా ఓటరు కార్డులోనూ అదే. ఒక్క ఆర్మీ కాగితానికి సరిపెట్టడానికి ఇన్నింటినీ చెడగొట్టుకోవాలా? పైగా ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు. రేపు ముని రతన్‌గా ఉండి పొలం నీ పేరు మీద రాయాలన్నా రిజిస్ట్రారు ఆఫీసులో మళ్లీ ఇదే పంచాయితీ. చొక్కాకు ఒక్క గుండీ తేడాగా ఉందని చొక్కా మొత్తం విప్పి కుట్టుకోలేం కదా.

అందుకే మూలంలోనే సరిచేయిద్దామని తేల్చుకున్నాను. చాలామంది స్పర్శ్‌లోకి పోయి ఏదో బటన్ నొక్కి నెలల తరబడి ఎదురుచూస్తున్నారు. స్పర్శ్ చూపించేది తన దగ్గరికి వచ్చిన పేరునే. ఆ పేరు పుట్టింది రికార్డ్స్ ఆఫీసులో. మా ఆర్టిలరీ వాళ్లకు అది మహారాష్ట్రలో నాసిక్ రోడ్ క్యాంపు. అక్కడ సర్వీసు రికార్డు సవరించి ప్రయాగ్‌రాజ్‌కు రాస్తే, వాళ్లు సవరణ పీపీఓ ఇస్తారు. ఆ వరస తప్పితే తిప్పలే.

అర్జీ చిత్తూరు సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపుదామనుకుంటున్నాను. అక్కడి వాళ్లకు ఈ గొడవ కొత్తేమీ కాదు, మన వైపు మాజీ సైనికులకు కొదవా? డిశ్చార్జి బుక్కు, పీపీఓ, ఆధార్, పాన్, స్కూలు టీసీ నకళ్లు జతచేయాలి. మెజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసిన అఫిడవిట్, రెండు పేపర్లలో ప్రకటన కూడా ఉండాలి, ఒకటి ఇంగ్లీషు, ఒకటి తెలుగు. ఆ ప్రకటన దగ్గరే నాకు ఒళ్లు మండింది. ‘నేను నా పేరు మార్చుకున్నాను’ అని రాసుకొచ్చాడు టైపు చేసే అబ్బాయి. నేనెక్కడ మార్చుకున్నానయ్యా, మార్చింది వాళ్లు! చివరికి ‘సర్వీసు రికార్డుల్లో ముని రతన్‌గా నమోదైన వ్యక్తిని, మునిరత్నాన్ని నేనే’ అని రాయించాను. అమ్మ నవ్వుతూనే ఉంది, ఇంత పట్టుదల ఎందుకని.

మీ ఆఫీసులో పనిచేసే అమెరికా మాజీ సైనికుడు చెప్పిన మాటలు నువ్వు చెప్పాక రెండు రోజులు ఆలోచించాను. అమెరికాలో డిశ్చార్జి కాగితం డీడీ 214లో తప్పుంటే మామూలుగా పాతది అలాగే ఉంచి డీడీ 215 అనే సవరణ కాగితం జతచేస్తారన్నావు కదా. మన సవరణ పీపీఓ కూడా దాదాపు ఆ బాపతే. అక్కడ సైనిక రికార్డులు సవరించే బోర్డుకు పోవాలంటే డీడీ 149 ఫారం, తప్పు తెలిసిన మూడేళ్లలోపు పెట్టాలనే నియమం కూడా బాగుంది, ఆలస్యమైనా కారణం సబబుగా ఉంటే వింటారట. సెయింట్ లూయిస్‌లో 1973లో రికార్డుల భవనం కాలిపోయి కోటిన్నరకు పైగా ఫైళ్లు బూడిదయ్యాయన్నది విని మాత్రం గుండె జారింది. అంత పెద్ద దేశంలోనే అలా జరిగితే మనమెంత? అందుకే నాసిక్‌కు పంపేవన్నీ ముందు జిరాక్స్ తీయించి రెండు ఫైళ్లు చేస్తున్నాను. ఒకటి బీరువాలో, ఒకటి నీకు. ఒరిజినల్ డిశ్చార్జి బుక్కు మాత్రం పోస్టులో పంపేది లేదు. ఎవరడిగినా సరే, పట్టుకెళ్లి చూపించి తెచ్చుకుంటాను.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటుంది. నీ పదో తరగతి మెమో, పాస్‌పోర్టు స్కాన్ చేసి ఈ వారంలోనే పంపు. పాస్‌పోర్టు ఫోటో ఉన్న పేజీ ఒక్కటే తీసి ఊరుకోవద్దు. నా పేరు ఉండేది చివరి పేజీలో. ఫోన్‌తో ఫోటో తీస్తే అక్షరాలు మసకేస్తాయి, ఆఫీసులో స్కానర్ మీద పెట్టు.

ఆశీస్సులతో,
నాన్న