గండికోటకు సైకిల్ దారి కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

గండికోట అభివృద్ధికి కేంద్ర ప్రభుత్వం 2024లో రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. మా ప్రాంతానికి ఇది మంచి రోజు. అయితే నేను విన్నంతవరకు మాటలన్నీ కార్ల పార్కింగు, హోటళ్లు, గుడారాల చుట్టూనే తిరుగుతున్నాయి. జమ్మలమడుగు నుంచి కోటకు సుమారు 15 కిలోమీటర్లు. ఆ దారిలో సైకిలు తొక్కేవాళ్లకు ఇంత జాగా ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. అందుకే నేను అడుగుతున్నాను.

నేను జమ్మలమడుగులో సైకిళ్లు బాగుచేసి బతికేవాణ్ణి. చలికాలం వచ్చిందంటే బెంగళూరు, హైదరాబాదు కుర్రాళ్లు గేరు సైకిళ్లతో దిగుతారు. కొందరు కార్ల వెనక కట్టుకొస్తారు, కొందరు ఎర్రగుంట్లలో రైలు దిగి తొక్కుకుంటూ వస్తారు. నా దగ్గర ఆగేది ఎక్కువగా పంచరు కోసమే. ట్యూబు తీసి తొట్టిలో ముంచితే ఒక్క చోట కాదు, నాలుగైదు చోట్ల బుడగలు లేస్తాయి. టైరు లోపల వేలితో తడిమితే విరిగిన కంపముల్లు తగులుతుంది. ఎదురుగా లారీ వస్తే సైకిలు తారు దిగక తప్పదు. దిగితే ముళ్లే. రోడ్డు పక్కన కంప కొట్టినవాళ్లు దాన్ని అక్కడే వదిలేసి పోతారు. అది బండ్ల కింద నలిగి మట్టిలో కలిసిపోతుంది, ముళ్లు మాత్రం నిలబడి ఉంటాయి. దానికి తోడు తారు అంచు దగ్గర జానెడు దిగుడు. దిగినవాళ్లు మళ్లీ పైకి ఎక్కబోతే ముందు చక్రం ఆ అంచుకు రాసుకుని పక్కకు జారుతుంది, మనిషి రోడ్డు మీదికే పడతాడు. అదే క్షణంలో వెనక బండి ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇది యాత్రికుల గొడవ మాత్రమే అనుకోవద్దు. నాపరాళ్ల ఫ్యాక్టరీలకు పనికి పోయేవాళ్లు, పాలు పోసేవాళ్లు, హైస్కూలు పిల్లలు ఈ చుట్టుపక్కల దారులన్నింటి మీదా సైకిళ్ల మీదే తిరుగుతారు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లు పంచింది, ఎంతో మేలైన పని. కానీ బిడ్డ సైకిలుకు గాలి పట్టించుకోవడానికి వచ్చిన తల్లులు నాతో అనే మాట ఒకటే: "పెద్దరోడ్డు మీదికి పంపాలంటే పానం ఒప్పదన్నా." సైకిలు ఇచ్చిన ప్రభుత్వమే దారి కూడా ఇవ్వాలి కదా.

సముద్రం పక్కనుండే పుదుచ్చేరిని చూడండి. అక్కడ ఒడ్డు వెంబడి ఉండే గూబెర్ అవెన్యూలో సాయంత్రం 6 నుంచి మరునాడు ఉదయం 7.30 దాకా బండ్లు పోనివ్వరు. ఊళ్లో సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. మనకు సముద్రం లేదు, పెన్న కోసిన లోయ ఉంది. మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం, ఎర్రమల కొండలు ఉన్నాయి. కారులో వచ్చినవాళ్లు లోయ అంచున ఫొటోలు దిగి, మధ్యాహ్నానికల్లా బెలూం గుహలకు బయల్దేరిపోతారు. సైకిలు మీద వచ్చినవాళ్లు అట్లా కాదు. టిఫిను తినాలి, నీళ్లు తాగాలి, ఎండ తగ్గేదాకా ఎక్కడో కూర్చోవాలి, రాత్రికి పడుకోవాలి. వాళ్ల డబ్బు దారిలోని ఊళ్లలోనే ఖర్చవుతుంది.

కోట ద్వారం గురించీ చెప్పాలి. ఇనుప మేకుల తలుపులు దాటి మలుపు తిరిగే ఆ ఇరుకు దారి కార్ల కోసం కట్టింది కాదు. సెలవు రోజుల్లో ఎదురెదురుగా రెండు కార్లు వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే, వెనక నిలిచినవన్నీ హారన్లు కొడుతూనే ఉంటాయి. శతాబ్దాలు నిలిచిన గోడలకు కార్ల రాపిడి ఎందుకు? యాత్రికుల కార్లను బయటే ఆపి, లోపల తిరగడానికి సైకిళ్లు అద్దెకివ్వాలి. ఆ పని బయటి కాంట్రాక్టరుకు కాకుండా కోటలోని ఊరి యువతకే అప్పజెప్పాలి. ఊరివాళ్ల సొంత బండ్లకు మాత్రం ఎవరూ అడ్డు చెప్పకూడదు, వాళ్లు అక్కడే పుట్టి పెరిగినవాళ్లు.

కోట దారికి చివర్లో కొండ ఎత్తు ఉంది, తొక్కలేనివాళ్లు దిగి నడుస్తారు, తప్పేం లేదు. పిల్లలతో వచ్చేవాళ్లకు మైలవరం జలాశయం దారి సులువు. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లకు గండికోట నుంచి బెలూం దాదాపు 60 కిలోమీటర్లు. కడప వైపు ఒంటిమిట్ట, సిద్ధవటం, పుష్పగిరి ఉండనే ఉన్నాయి, అవి తర్వాత చూసుకోవచ్చు.

హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సోలార్ పలకల కప్పు కూడా వేశారు. మాకు అంత హంగు అక్కర్లేదు. రోడ్డుకు ఇరుపక్కలా వేప, కానుగ మొక్కలు నాటి, మూడేళ్లు నీళ్లు పోస్తే చాలు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ మిట్టమధ్యాహ్నం సైకిలు తొక్కమని నేను ఎవరికీ చెప్పను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం ఇంతకంటే మంచి దారి రాయలసీమలో నేను చూడలేదు.

జిల్లా కలెక్టరు గారికి, పర్యాటక, రోడ్లు భవనాల శాఖల అధికారులకు మీ పత్రిక ద్వారా నా మనవి ఇదే. ఆ 77.91 కోట్ల పనుల్లో సైకిల్ దారిని కూడా చేర్చండి. అంతకంటే ముందు కంపను వేళ్లతో సహా పెరికించి, తారు ఎత్తుకు సమానంగా గ్రావెల్ పోసి, రోలరు తిప్పించండి. మార్జిన్ ఎక్కడెక్కడ దిగిపోయిందో, ఏ మలుపులో లారీలు మీదికి వస్తాయో ఇంజనీర్లకు దారంతా తిరిగి చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
సైకిల్ షాపు నడిపే ఒక పాఠకుడు,
జమ్మలమడుగు, వైఎస్సార్ కడప జిల్లా