వార్షిక నివేదిక 2024–25: నీళ్ల సినిమాలు, మన సెల్లారు

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో వినాయక చవితి పందిరి, వాచ్‌మన్ జీతం, లిఫ్టు రిపేరు ఉంటాయి. ఈసారి ఆ లెక్కలన్నీ నోటీసు బోర్డుకి అంటించాం, అక్కడ చూసుకోగలరు. ఇక్కడ రాస్తున్నది కమ్యూనిటీ హాల్లో వేసిన సినిమాల గురించి, సెల్లారు గురించి. ఏడాది మొదట్లో ఈ రెండూ వేరువేరు పద్దులే.

నీళ్లలోనో నేల కిందో మనుషులు ఇరుక్కుపోయే కథలే వరసగా వేద్దామని కుర్రాళ్లు పట్టుబట్టారు. "హుద్‌హుద్ చూసినవాళ్లం, మళ్లీ తెర మీద కూడానా" అని కొందరు పెద్దలు గొణిగారు. తర్వాత ముందు వరస కుర్చీలు పట్టుకున్నది కూడా వాళ్లే.

మొదట ‘ఘాజీ’ వేశాం. మన సముద్రం కథ కాబట్టి హాలు నిండిపోయింది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన విశాఖ తీరానికి దగ్గర్లోనే మునిగింది. ఎలా మునిగిందంటే రెండు దేశాలూ ఇప్పటికీ చెరో మాట చెబుతాయి. మన నేవీ ఆ ఘనత తన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌దంటుంది. సినిమాలో చూపించిన సబ్‌మెరైన్ల పోరు కల్పన. తర్వాతి ఆదివారం పిల్లల్ని ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంకి తీసుకెళ్లాం. 91 మీటర్ల పొడవున్నా లోపల ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదగాల్సిందే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి ఇనప ద్వారంలోంచి తల వంచి, ముందు ఒక కాలు వేసి, అంచు పట్టుకుని దూరాలి. నీళ్లు చొచ్చిన గదిని మూసేస్తేనే మిగతాది నిలుస్తుందని చెబుతుంటే ఏడో తరగతి పిల్ల ఒకతి "మరి ఆ గదిలో ఉన్నవాళ్లో?" అంది. వెంట వెళ్లిన పెద్దవాళ్లం ఏడుగురం. ఒక్కరమూ మాట్లాడలేదు.

తలకిందులైన ఓడలో జనం అడుగు వైపుకి పైకి ఎక్కే 1972 నాటి ‘పొసైడన్ అడ్వెంచర్’ పిల్లలకి తెగ నచ్చింది. జర్మన్ సినిమా ‘దాస్ బూట్’కి సగంలోనే కుర్చీలు ఖాళీ అయ్యాయి. నన్నడిగితే ఏడాది మొత్తంలో అదే గొప్పది. లోతుకి పోయేకొద్దీ ఇనుము మూలుగుతుంది, బోల్టులు తూటాల్లా ఊడొస్తాయి, మనుషులు నోరు మూసుకుని పైకి చూస్తుంటారు. ఈ అభిప్రాయం కార్యవర్గానిది కాదు, నాది.

కేరళ వరదల మీద తీసిన ‘2018’కి జాలర్లుండే పెదజాలారిపేట నుంచి మన సభ్యుల బంధువులు ఇద్దరు వచ్చారు. జాలర్ల పడవలు వీధుల్లోకి వచ్చే చోట అందరూ చప్పట్లు కొడుతుంటే వాళ్లు మాత్రం ఊపిరి బిగబట్టి చూశారు. నీటి కింద ప్రహరీ గోడ ఎక్కడుందో, ఇంజను రెక్క దేనికి తగులుతుందో అన్న టెన్షన్ వాళ్లది.

సెప్టెంబరు మొదట్లో వానలు పడ్డాయి. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిన రోజులవి. టీవీలో ఆ బోట్లు చూస్తూనే రాత్రి పడుకున్నాం. తెల్లారేసరికి మన సెల్లార్లో స్కూటర్ల సీట్ల దాకా నీళ్లు. నీళ్లు తోడే మోటారుంది, కరెంటూ ఉంది. కానీ స్టార్టరు బోర్డు మోకాలెత్తులో ఉండటంతో అదీ మునిగిపోయింది. వాచ్‌మన్ భార్య మెట్ల మీద నిలబడి, "ఏటి బాబూ, నీళ్లు తోడే స్విచ్చి నీళ్లలోనే పెట్టేరేటి?" అంది. నాలుగు నెలలుగా నీళ్ల సినిమాలు చూస్తున్న కార్యవర్గం దగ్గర జవాబు లేదు. స్టోరు గదిలో ఉన్న ప్రొజెక్టరు కూడా అక్కడే తడిసి పాడైంది.

అసలు తప్పు ఆ తర్వాత చేశాం. డీజిల్ పంపు అద్దెకి తెచ్చి, పైపు గేటు బయట పడేశాం. మధ్యాహ్నానికి సెల్లారు ఖాళీ అయింది. ఆ నీళ్లన్నీ దిగువ వీధిలోకి దిగి, రెండిళ్ల వరండాల్లోకి చేరాయి. ఆ ఇళ్ల ఆడవాళ్లు వచ్చి అడిగిన మాటలన్నీ న్యాయమైనవే.

నవంబరులో అరువు టీవీ మీద ‘థర్టీన్ లైవ్స్’ చూశాం. 2018 జూన్ 23న థాయిలాండ్ గుహలో చిక్కుకున్న 12 మంది పిల్లల్ని, వాళ్ల కోచ్‌ని జూలై 10 కల్లా బయటికి తెచ్చిన కథ. పిల్లలు నీటి కింద భయపడి కొట్టుకోకుండా మత్తు ఇచ్చి, ఒక్కొక్కరినీ ఈతగాళ్లు మోసుకొచ్చారు. అందరూ ఆ ఘట్టం గురించే మాట్లాడతారు. మన హాల్లో మాత్రం మాట వేరేదాని మీదకి పోయింది. కొండ మీంచి గుహలోకి దిగే నీటిని మళ్లిస్తే కింద వరి పొలాలు మునుగుతాయి. అందుకని ముందు రైతుల్ని అడుగుతారు. వాళ్లు సరేనంటారు. వెనక నుంచి ఎవరో "మనం అడగలేదు" అన్నారు. తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ రాత్రే తీర్మానం చేశాం. స్టార్టరు బోర్డు ఇప్పుడు మొదటి అంతస్తు మెట్ల దగ్గర, అయిదడుగుల ఎత్తులో ఉంది. తాళం ఒకటి వాచ్‌మన్ దగ్గర, ఒకటి నా దగ్గర. తోడిన నీళ్లు వీధిలోకి కాకుండా నేరుగా గెడ్డలోకి, అంటే వాగులోకి, పోయేలా పైపు వేస్తున్నాం. దిగువ వీధివాళ్లు ఇద్దరు కొలతలప్పుడు మనతోనే ఉన్నారు.

ఫిబ్రవరి 23 ఆదివారం రాణిగంజ్ బొగ్గు గని సినిమా వేయాలనుకున్నాం. 1989లో నీళ్లు నిండిన గనిలోంచి 65 మందిని ఉక్కు గొట్టంలో ఒక్కొక్కరినీ పైకి లాగిన కథ. ముందు రోజే శ్రీశైలం ఎడమగట్టు సొరంగం కూలి, నీళ్లూ బురదా ముంచుకొచ్చి 8 మంది లోపలే ఉండిపోయారు. ఆ సినిమా ఆపేశాం. ఆ 8 మందిలో ఎవరూ ప్రాణాలతో రాలేదు. సినిమా ఇప్పటికీ వేయలేదు. ఎప్పుడు వేయాలో సర్వసభ్య సమావేశమే చెప్పాలి.

గెడ్డ పైపు పని సగంలో ఉంది. రెండో విడత చందా ఇంకా తొమ్మిది ఫ్లాట్ల నుంచి రావాలి. వానలు మొదలయ్యేలోపు ఇప్పించగలరు.

ఇట్లు,
కార్యదర్శి