శీనూ, సంతకం పెట్టేముందు డ్రైవర్ డోరు తెరిచి చూడు

ఒరేయ్ శీనూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాం. నువ్వు కొందామనుకుంటున్న ఆ ఫిఫ్త్ వీల్ ట్రైలర్, అదే పికప్ ట్రక్కు తొట్టి మీద ముక్కు ఆనించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, దాని వెనక వైపు పెద్ద కిటికీ, కిటికీ ముందు సోఫా మా ఆవిడకి తెగ నచ్చేశాయి. నాకూ నచ్చింది. కానీ ఫొటోల కింద నువ్వు రాసిన ఒక్క లైను చదివాక నాకు నిద్ర పట్టలేదురా. "ఇప్పుడున్న ట్రక్కే సరిపోతుందట, 13,000 పౌండ్లు లాగుతుందని సేల్స్ అతను చెప్పాడు" అన్నావు. మూడేళ్ళ క్రితం నాకూ అచ్చం ఇలాంటి మాటే ఒకాయన చెప్పాడు. ఫోన్లో చెబితే నువ్వు డ్రైవింగ్‌లో ఉండి ఊ కొడతావు, తర్వాత మర్చిపోతావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. శనివారం డీలర్ దగ్గరికి వెళ్ళేలోపు మొత్తం చదువు.

ముందు కిందికి వెళ్ళి నీ ట్రక్కు డ్రైవర్ డోరు తెరువు. డోరు వచ్చి మూసుకునే చోట, నిలువు పట్టీ మీద, టైర్ల గాలి వివరాలతో ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంత బరువు దాటకూడదని కిలోల్లోనూ పౌండ్లలోనూ రాసి ఉంటుంది. అదే పేలోడ్. నీకు వాళ్ళు చెప్పిన 13,000 అనేది ఎంత లాగగలదో చెప్పే లెక్క, ఈ స్టిక్కర్ మీద ఉన్నది ఎంత మోయగలదో చెప్పే లెక్క. ఫిఫ్త్ వీల్ విషయంలో మనకి ముందు అడ్డొచ్చేది మోసే లెక్కే. నీది హాఫ్ టన్ను, అంటే ఈ పెద్ద పికప్‌లలో కింది తరగతి, నాలుగు తలుపుల క్యాబు, ఫోర్ వీల్ డ్రైవ్, పైగా సన్‌రూఫ్ కూడా ఉంది, కాబట్టి స్టిక్కర్ మీద 1,600 పౌండ్ల చుట్టుపక్కల ఉంటుందని నా అంచనా. అంటే దాదాపు 725 కిలోలు.

ఇప్పుడు లెక్క చూడు. మీరు నలుగురూ కలిపి ఒక 550 పౌండ్లు వేసుకో. ట్రైలర్‌ని పట్టుకోవడానికి ట్రక్కు తొట్టిలో బిగించే హిచ్ ఇనుముది, 150 పౌండ్లకి తక్కువ ఉండదు. ఇక మిగిలింది 900. నువ్వు చూసిన ట్రైలర్ సామానుతో కలిపి పదివేల పౌండ్లు అవుతుందనుకుందాం, ఫిఫ్త్ వీల్ అయితే అందులో ఐదోవంతు అటూ ఇటూగా ట్రక్కు మీద కూర్చుంటుంది. అంటే 2,000. నీ దగ్గర చోటున్నది 900కి. ఇంజను లాగుతుందిరా, అందులో అనుమానం లేదు, కానీ వెనక స్ప్రింగులు, ఇరుసు, టైర్లు ఆ బరువు కోసం చేసినవి కావు.

మీ తాతయ్య ఎడ్లబండి గుర్తుందా? గడ్డి మోపులు వేసేటప్పుడు ఆయన ఒక్కో మోపూ ఎక్కడ పెట్టాలో చెప్పి మరీ పెట్టించేవాడు. ముందుకి ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద పడిపోతుంది, వెనక్కి ఎక్కువైతే బండి ఎత్తేసి కాడి గొంతుకి పట్టేస్తుంది. మామూలు ట్రైలర్, అంటే బంపర్ దగ్గర బంతికి తగిలించేది, పది నుంచి పదిహేను శాతం బరువు వెనక చివర పెడుతుంది, అందుకే గాలికీ, పక్కనుంచి పెద్ద లారీ వెళ్ళినప్పుడూ తోక ఊపుతుంది. ఫిఫ్త్ వీల్ ఆ బరువుని తీసుకొచ్చి సరిగ్గా వెనక ఇరుసు మీద, లేదంటే రెండు మూడంగుళాలు ముందుకి పెడుతుంది. అందుకే అంత నిలకడగా వస్తుంది. కంటైనర్ లారీలకి ఉండేది కూడా ఇదే పద్ధతి, ట్రైలర్ ముక్కు కింద ఉండి హిచ్‌లో పడే అదే రెండంగుళాల పిన్ను. పేరు కూడా పాతకాలపు గుర్రబ్బండ్లదే, ముందు ఇరుసు పక్కకి తిరగడానికి బండి కింద అడ్డంగా పడుకోబెట్టిన చక్రం ఒకటి ఉండేది, నాలుగు చక్రాలు పోగా అది ఐదోది. ఈ నిలకడకి మనం ఇచ్చే ధర పిన్ను బరువు, అంటే ఆ పిన్ను ద్వారా ట్రక్కు మీద పడే బరువు. దాన్ని మోసే బండి కావాలి.

నా సంగతి చెబుతాను, అప్పట్లో నీకు పూర్తిగా చెప్పలేదు. నేను కొన్నది నీ దానికి పై తరగతి, ముప్పావు టన్ను డీజిల్ ట్రక్కు, దానికి ఏదైనా లాగొచ్చని అందరూ అన్నారు. స్టిక్కర్ మీద 2,550. ట్రైలర్ పిన్ను బరువు 1,650 అని డీలర్ కాగితంలో ఉంది, మనుషులు, హిచ్ కలిపి 550, అంతా కలిపినా 2,200, ఇంకా 350 మిగిలింది కదా అని ధైర్యంగా తీసుకున్నాం. ఆ 1,650 అనేది ఖాళీ ట్రైలర్‌ది అని అక్కడ ఎవరూ చెప్పలేదు. బ్యాటరీలు లేవు, గ్యాసు సిలిండర్లలో గ్యాసు లేదు, చెంచా కూడా లేదు అందులో. తర్వాత మనం ఏం చేస్తాం? ముందు భాగంలో కింద పెద్ద అర ఉంటుంది, సామానంతా అందులోకే వెళ్తుంది. మా వెట్ గ్రైండరు, రెండు బియ్యం బస్తాలు, పెద్ద కుక్కరు, కుర్చీలు, నా పనిముట్ల పెట్టె, అన్నీ అక్కడే పెట్టాను. అది సరిగ్గా పిన్నుకి దగ్గరగా ఉండే చోటు.

టెక్సోమా సరస్సుకి రెండోసారి వెళ్తున్నప్పుడు, ట్రక్కు వెనక బాగా కుంగినట్టు అనిపించి దారిలో ట్రక్ స్టాప్ దగ్గర లారీలు తూచే క్యాట్ స్కేల్ మీదికి ఎక్కించాను. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనకవి రెండో పలక మీద, ట్రైలర్ చక్రాలు మూడో పలక మీద నిలబెట్టి బటన్ నొక్కి మాట్లాడితే చాలు, లోపలికెళ్ళి చీటీ తెచ్చుకోవచ్చు. తర్వాత ట్రైలర్ దింపి ఒక్క ట్రక్కునే మళ్ళీ తూచాను, 24 గంటల్లోపు రెండోసారికి చాలా తక్కువ తీసుకుంటారు. ఆ చీటీ ఇప్పటికీ గ్లవ్ బాక్సులో ఉంది. మేమందరం ఎక్కి ట్రక్కు ఒక్కటే 8,000. ట్రైలర్ తగిలించాక ట్రక్కు మీద 10,380. అంటే పిన్ను బరువు 2,380. ట్రక్కు, దాని మీద పడే బరువు అంతా కలిపి దాటకూడనిది 10,000. పిల్లలు వెనక సీట్లో కూర్చుని చిప్స్ తింటున్నారు, నేను ఆ చీటీ పట్టుకుని పార్కింగ్‌లో నిలబడిపోయాను. అప్పటికే ఒక ట్రిప్పు మొత్తం అలాగే తిరిగొచ్చామని తెలిశాక కడుపులో ఎలా ఉంటుందో నీకు చెప్పలేను.

వెనక స్ప్రింగులకి సాయంగా పెట్టే గాలి సంచులు, ఎయిర్ బ్యాగులు, వేయించుకో అని చాలామంది అన్నారు, నీకూ అంటారు. అవి కుంగిన వెనక భాగాన్ని పైకి లేపుతాయి, బండి చూడ్డానికి సమంగా కనిపిస్తుంది, కానీ స్టిక్కర్ మీది అంకె ఒక్క పౌండు కూడా పెరగదు. నేను ఆ బండి అమ్మేసి ఇంకా పై తరగతి వన్ టన్ను తీసుకున్నాను, వెనక పక్కకి ఒక్కో చక్రం ఉండేదే, పేలోడ్ 3,800. నష్టం వచ్చింది. ఆ నష్టం నీకు రాకూడదనే ఇంత రాయడం.

కాబట్టి ట్రక్కు మార్చక తప్పదు. మారిస్తే కొన్ని విషయాలు ఆర్డర్ పెట్టేటప్పుడే అడుగు. కంపెనీ నుంచే ఫిఫ్త్ వీల్ ప్రెప్ ప్యాకేజీ తీసుకో. తొట్టిలో నాలుగు మూలలా హిచ్ కాళ్ళు దిగే గుంటలు, తొట్టి గోడకే ఏడు పిన్నుల కరెంటు ప్లగ్గు వస్తాయి. హిచ్ దింపి తిప్పితే కూర్చుంటుంది, అక్కర్లేనప్పుడు తీసేస్తే తొట్టి ఖాళీ. అది లేకపోతే తొట్టికి రంధ్రాలు వేసి పట్టాలు బిగించాలి, కింద ఫ్రేముకి బ్రాకెట్లు కట్టాలి, కిందంతా ఇంధనం గొట్టాలు, వైర్లు పోతుంటాయి, డ్రిల్లు బిట్ ఎక్కడ తేలుతుందో చూసుకోకుండా వేస్తే అంతే సంగతులు. నా మొదటి బండికి నేను, మా పక్కింటాయన కలిసి రెండు రోజులు పడ్డాం. మొదటి ట్రిప్పు తర్వాత బోల్టులన్నీ, ఎంత బిగువు పడిందో చూపించే టార్క్ రెంచితో మళ్ళీ బిగించాలి, అది మర్చిపోకూడదు.

తొట్టి పొడవు ఇంకోటి. ఎనిమిదడుగులదైతే ఏ ఆలోచనా అక్కర్లేదు. ఆరున్నర అడుగులదైతే గట్టిగా మలుపు తిప్పినప్పుడు ట్రైలర్ ముక్కు వచ్చి క్యాబు వెనక అద్దానికి తగలొచ్చు, అందుకని వెనక్కి జరిగే స్లైడర్ హిచ్ తీసుకో, బరువు, ధర రెండూ ఎక్కువే అయినా. అలాగే తొట్టి అంచుకీ పైనున్న ట్రైలర్ అడుగుకీ మధ్య ఆరంగుళాలైనా ఖాళీ ఉండాలి. ఈ కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులు ఎత్తు ఎక్కువ, ఆ ఖాళీ కోసం హిచ్ పైకి లేపితే ట్రైలర్ ముక్కు పైకెత్తుకుని నడుస్తుంది, బరువంతా వెనక జత చక్రాల మీద పడుతుంది. కొనేముందే రెండింటి ఎత్తులూ టేపుతో కొలిపించు.

ఇక తగిలించే పద్ధతి, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. టెయిల్‌గేట్ దించి, ట్రైలర్ చక్రాలకి చెక్కలు పెట్టి, ట్రైలర్ ఎత్తు సరిచేసి మెల్లగా వెనక్కి వెళ్ళాలి. ట్రైలర్ పలక హిచ్ పలకకి తగిలి కొంచెం పైకి లేస్తూ జారాలి, అప్పుడు పిన్ను హిచ్ దవడల్లోకి వెళ్ళి టక్ మని పడుతుంది. పోయినేడు అమరిల్లో దగ్గర క్యాంపు నుంచి పొద్దున్నే బయల్దేరుతున్నాం, ఇంకా చీకటే. టక్ మంది, హ్యాండిల్ కూడా మూసుకుంది. మా పెద్దది టార్చి పట్టుకుని నిలబడింది, "నాన్నా, మధ్యలోంచి అవతలి లైటు కనిపిస్తోంది" అంది. వెళ్ళి చూస్తే రెండు పలకల మధ్య వేలు పట్టేంత సందు. పిన్ను ఎత్తులో ఉండిపోయింది, దవడలు దాని కింద మూసుకున్నాయి. అలాగే ట్రైలర్ ముందు భాగాన్ని నిలబెట్టే కాళ్ళు ఎత్తేసి కదిలి ఉంటే పదకొండు వేల పౌండ్ల ట్రైలర్ ముక్కు వచ్చి తొట్టి అంచుల మీద పడేది. అందుకే పలకల మధ్య వెలుతురు కనిపించకూడదు, దవడలు పిన్ను వెనక మూసుకున్నాయో లేదో టార్చి వేసి నీ కళ్ళతో చూడాలి. ఆ తర్వాత ట్రైలర్ కాళ్ళు ఇంకా నేల మీద ఉండగానే, ట్రక్కులో ఉండే ట్రైలర్ బ్రేకు లివర్ చేత్తో పట్టుకుని ట్రక్కుని మెల్లగా ముందుకి లాగి చూడాలి. కదలకపోతేనే కాళ్ళు ఎత్తాలి. ఎంత వర్షమొచ్చినా, పిల్లలు ఎంత గోల చేసినా ఇది మానకు. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు పడేలా చేసే బ్రేక్ అవే కేబుల్ ట్రక్కుకే కట్టు, హిచ్ తలకి కాదు. తల ఊడొస్తే కేబుల్ కూడా దాంతోనే పోతుంది, ట్రైలర్ బ్రేకులు పడవు.

బ్రేకు కంట్రోలర్ గెయిన్, అంటే ట్రైలర్ బ్రేకులు ఎంత గట్టిగా పట్టాలో చెప్పే అంకె, ఖాళీ రోడ్డు మీద 25 మైళ్ళ వేగంలో లివర్ నొక్కి చూసుకుంటూ పెట్టుకోవాలి, చక్రాలు జామ్ అవ్వడానికి ఒక మెట్టు కింద. ట్రైలర్ టైర్లు చాలావాటికి 65 మైళ్ళే హద్దు, పక్కన వాళ్ళు 80లో పోతుంటే పోనీ. ట్రైలర్ ఎత్తు ఏసీ పైదాకా కొలిచి అంకె స్టీరింగు దగ్గర అంటించు, 13 అడుగుల చుట్టుపక్కల ఉంటుంది, పెట్రోలు బంకు కప్పు కింద దూరేముందు అది కళ్ళ ముందుండాలి. లైసెన్సు గురించి అడిగావు కదా, మన టెక్సస్‌లో ట్రక్కు, ట్రైలర్ రెండింటి గరిష్ఠ బరువు రేటింగులు కలిపి 26,000 పౌండ్లు దాటి, ట్రైలర్ ఒక్కటే పదివేలు దాటితే క్లాస్ ఏ లైసెన్సు కావాలి, నాది కలిపితే 23,500 కాబట్టి మామూలుదే సరిపోయింది.

కొలరాడో వెళ్ళాలని ఉందన్నావు. దారిలో కొండ కనుమ రాటన్ పాస్ 7,800 అడుగుల పైన. ఎక్కేటప్పుడు భయం లేదు, దిగేటప్పుడు పైనుంచే గేరు తగ్గించి, డీజిల్ అయితే ఇంజనుతోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ వేసుకుని నెమ్మదిగా దిగాలి. కాలు బ్రేకు మీదే పెట్టి దిగితే సగం దారిలోనే బ్రేకులు వేడెక్కిపోతాయి.

శనివారం పొద్దున నీ స్టిక్కర్ ఫొటో పంపు, వాళ్ళు చూపించే కొత్త ట్రక్కు స్టిక్కర్ ఫొటో కూడా పంపు, ట్రైలర్ పక్కన అంటించి ఉండే గరిష్ఠ బరువు కాగితం కూడా. నేను ఫోన్ దగ్గరే ఉంటాను. బండి వచ్చిన వారం మేమే ఆస్టిన్ వస్తాం, హిచ్ కలిసి పెడదాం, టార్క్ రెంచి నేను తెస్తాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు, ఆ గోంగూర పచ్చడి సీసా అయిపోయిందని మా ఆవిడ చెప్పమంది.

ఉంటాను,
నీ మూర్తి